పోళాకు నిండుగా నింపిన బ్యాటరీలు

ఏం పని చేసేవారని ఎవరైనా అడిగితే డ్రోన్ల పని అంటాను. వెంటనే వాళ్ల కళ్లు ఆకాశం వైపు పోతాయి. నిజానికి నేను ఒక్కసారి కూడా డ్రోన్ ఎగరేయలేదు. పడ్డవాటిని ఏరుకొచ్చి, ఎందుకు పడ్డాయో చూసి, కాగితం మీద రాయడం నా పని. నాందేడ్‌లో మోండా మార్కెట్ వెనక ఒక రేకుల షెడ్డులో ఏడేళ్లు అదే చేశాను. మోకాళ్లు మొరాయించడంతో ఈ ఏడు మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "కాకా, ఏమన్న చెప్పు" అంటారు. చెప్పడం మొదలుపెట్టిన పది నిమిషాలకు ఫోన్లు చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను. మధ్యలో చదవడం మానేసినా నాకు తెలియదు కాబట్టి కోపం రాదు.

పంకా విరిగి పడ్డ డ్రోన్‌ని చూశాను, కరెంటు తీగకు తగిలి పడ్డదాన్నీ చూశాను. కానీ నా బల్ల మీదికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం బ్యాటరీ వల్ల పడ్డవే. బ్యాటరీ వల్ల పడిందని ఒప్పుకున్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ ఒప్పుకోనివాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి కిందికి పోయేకొద్దీ వస్తుంది.

సీసం నేర్పిన చదువు

డ్రోన్లకు ముందు పాతికేళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో బ్యాటరీ గది చూశాను. నడుము ఎత్తు సీసం బ్యాటరీలు వరసగా ఉండేవి. గదిలో తేజాబు అనే యాసిడ్ వాసన, నా చొక్కాలన్నిటికీ చిల్లులు. మా ఆవిడ కొత్త చొక్కా కొనడమే మానేసింది. ఊరంతా కరెంటు పోయినా ఫోన్లు మోగాలంటే ఆ గది మీదే భారం.

అక్కడి నా మొదటి సాహెబు రోజూ పొద్దున్నే ప్రతి బ్యాటరీ మీద చెయ్యి వేసి చూసేవాడు. మీటరు తరవాత, చెయ్యి ముందు. వేడి, తేమ, ఉబ్బు, అన్నీ ఆయన వేళ్లకు తెలిసేవి. నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం, బ్యాటరీని ఎప్పుడూ ఆకలితో ఉంచకూడదని. సీసం బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే లోపలి పలకలు తెల్లబడి చస్తాయి. పని ఉన్నా లేకున్నా నిండుగా ఉంచాల్సిందే. ఒక దీపావళి సెలవుల్లో నేను ఛార్జింగ్ ఆపి ఇంటికి పోయినందుకు ఆయన నన్ను నెల రోజులు పేరు పెట్టి పిలవలేదు. ఆ పాఠం ఎముకల్లోకి దిగింది.

డ్రోన్ బ్యాటరీ వేరే జాతి. బరువు తక్కువ, బలం ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ. దాన్ని నిండుగా నింపి వేడిలో రోజుల తరబడి పెడితే లోపల గాలి పుట్టి పొట్ట ఉబ్బుతుంది. పని లేనప్పుడు సగం దాకా దింపి పెట్టాలి. ఛార్జరు మీద అందుకోసమే ఒక మీట ఉంటుంది. ఇదంతా దాంతో వచ్చిన పుస్తకంలో ఉంది. మొదటి వారంలోనే చదివాను. చదివి, పాతికేళ్లు బ్యాటరీలతో కాపురం చేసినవాడికి ఈ పుస్తకం చెప్పేదేమిటి అనుకుని పక్కన పెట్టాను. అనుభవం మంచిదే, కాదనను. అది ఏ వస్తువు మీద వచ్చిన అనుభవమో ఒకసారి చూసుకోండి.

నాయ్‌గావ్ పప్పు

షెడ్డులో చేరిన ఏడాదికి నాయ్‌గావ్ నుంచి ఒక పెళ్లి డ్రోన్ వచ్చింది. గోనె సంచిలో తెచ్చారు, సంచి నిండా పప్పు వాసన. తాళి కట్టే సమయానికి పందిరి మీద తిరుగుతూ తిరుగుతూ పోయి వంటవాళ్ల గుండిగలో పడింది. మూడు వందల మందికి వండిన పప్పు.

"గద్ద కొట్టింది ఉస్తాద్, నా కండ్లతోటి జూసిన," అన్నాడు ఫోటోగ్రాఫర్.

అందరూ గద్ద అనే అంటారు. నేను చూసిన ప్రమాదాల్లో నిజంగా గద్ద కొట్టి ఉంటే ఈ జిల్లాలో గద్దలకు గూళ్లు కట్టుకునే తీరిక ఉండేది కాదు. గద్ద కొడితే గోటి గీతలు ఉంటాయి. ఇక్కడ ఒక్క గీత లేదు. బ్యాటరీ మాత్రం తన గూట్లో లేదు. గుండిగ అడుగున విడిగా దొరికిందట. పొట్ట ఉబ్బి ఉంది. ఉబ్బిన బ్యాటరీని అతను బలవంతంగా లోపలికి తోశాడు, కొక్కెం పూర్తిగా పడలేదు, గాల్లో అది జారి బయటికి వచ్చేసింది.

అది చెబితే అతను నాతో గొడవ పెట్టుకోలేదు. తల గోక్కుని, "పొద్దుగాల్ల పెట్టేటప్పుడు జర గట్టిగనే దొబ్బిన," అన్నాడు. నాకు ఆ మనిషి నచ్చాడు. ఆ రోజే షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను, బిగుతుగా కూర్చునే బ్యాటరీ ఎగరకూడదని. నా చేత్తో రాసిన ఆ మాటను నేనే ఎట్లా తొక్కానో ఇప్పుడు చెబుతాను.

కడుపు నింపి నిలవెట్టాలె

షెడ్డు యజమాని మా సేఠ్ రైతు కుటుంబంవాడు. వాళ్ల నాన్న కాలంలో ఇంట్లో ఆరు జతల ఎద్దులు ఉండేవట. ఎద్దులు పోయాయి, ట్రాక్టర్లు వచ్చాయి, ఆ తరవాత పొలాలకు మందు కొట్టే డ్రోన్లు కొన్నాడు. ఇక్కడ మందు కొట్టడాన్ని ఫవారణి అంటారు. సోయాబీన్, పత్తి, కంది, అన్నిటికీ అదే. ఒక్కో డ్రోన్‌కు రెండేసి బ్యాటరీలు కలిపి వాడతాం. అందుకని వాటిని జోడీలు అంటాం. మా దగ్గర పది జోడీలు ఉండేవి, ఒకే రోజు కొన్నవి. ఒక్కోదాని మీద పెయింటుతో నంబరు.

శ్రావణ అమావాస్యకు పోళా. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పోళీలు, అంటే బొబ్బట్లు తినిపించి, ఆ రోజు పనికి కట్టకుండా ఊరేగించే పండగ. మాకు ఎద్దులు లేవు కాబట్టి సేఠ్ ప్రతి పోళాకూ డ్రోన్లను వరసగా పెట్టి బొట్టు పెట్టించేవాడు. ఒక ఏడు వాళ్ల అమ్మ కూడా షెడ్డుకు వచ్చింది. బ్యాటరీల వైపు చూసి, "గియ్యి ఏందిరా?" అని అడిగింది.

"డ్రోన్లకు బలం గివేనే అమ్మా. గివే మన ఎద్దులనుకో."

"మరి నింపిండ్రా? ఆకలితోటి ఉన్న ఎద్దును పూజల నిలవెడ్తరారా ఎవలన్న? కడుపు నింపి నిలవెట్టాలె."

సేఠ్ నా వైపు చూశాడు. పుస్తకం చెప్పేది అప్పుడు చెప్పాల్సింది. కానీ ముసలమ్మ నోట నా పాత సాహెబు మాటే వచ్చినట్టు అనిపించింది. సంతోషంగా ఎనిమిది జోడీలనూ నిండా నింపాను. మిగిలిన రెండు జోడీలు చెట్లు లెక్కపెట్టే పని మీద మాండవి అడవికి అద్దెకు పోయి ఉన్నాయి.

పసుపు, కుంకుమ, హారతి అయ్యాయి. పోళీలు నేనే అందరికన్నా ఎక్కువ తిన్నాను. మర్నాటి నుంచి వాన పట్టుకుంది. పదకొండు రోజులు ఒక్క డ్రోన్ కూడా బయటికి పోలేదు. వాన ఆగి ఆగి ఎండ కాసినప్పుడల్లా రేకుల కింద షెడ్డు ఉడికిపోయింది. నిండుగా ఉన్న బ్యాటరీలు గోడ పక్కన అట్లాగే ఉన్నాయి. రోజూ వాటిని చూసి, ఏ క్షణంలో పని వచ్చినా సిద్ధంగా ఉన్నాయని మురిసిపోయాను.

నా బొటనవేలు

మా నలుగురు పైలట్లలో సవిత ఒక్కతే ఆడపిల్ల. ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. బిలోలి అవతల ఒక సరిహద్దు ఊరు. తండ్రి గంగారాం జీవితమంతా ఇతరుల పొలాల్లో కూలి చేశాడు, సొంతానికి గుంటెడు భూమి లేదు. శిక్షణ తీసుకుని, పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకుని మా దగ్గర చేరింది. బ్యాటరీలను తట్టి, తిప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసేది. మిగతా ముగ్గురికి ఆ ఓపిక లేదు.

వాన వెలిసిన రోజు పొద్దున సామాను బండికి ఎక్కిస్తుండగా నాలుగో జోడీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"కాకా, గిది జర బిగుతు గూసుంటున్నది. పొంగిందేమో సూడు."

నేను బొటనవేలితో నొక్కాను. పైన గట్టి ప్లాస్టిక్ డబ్బా, నా వేలికి తెలిసేది డబ్బా సంగతే. అయినా తెలిసినట్టే అన్నాను. "వానకు ఇంటి తలుపులే బిగుస్తయి బిడ్డా. నిండుగున్నది, తీస్కపో."

"నాకు దిల్ ఒప్పుతలేదు కాకా."

"నీ దిల్ ఒప్పుడు గాదు, నా వేలు ఒప్పాలె. ఒప్పింది. పో."

తీసుకుపోయింది. ఆ రోజు పని వాళ్ల ఊళ్లోనే, బాబారావు పటేల్ సోయాబీన్‌లో. గంగారాం ఎన్నో ఏళ్లు కూలి చేసిన చేను అది. ఊళ్లో సగం మంది ఆమె ఎగరేయడం చూడటానికి గట్ల మీద నిలబడ్డారట.

పదకొండింటికి ఫోను వచ్చింది. నేను పోయేసరికి పటేల్ కొట్టం పక్కన చొప్ప కుప్ప బూడిదై ఉంది. చేను దాటి కుప్ప మీదుగా డ్రోన్ మలుపు తిరుగుతుండగా పంకాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. మందు నిండిన డ్రోన్ రాయిలా పడింది. బ్యాటరీ పగిలి అంటుకుంది. పై చొప్ప తడిదే కానీ లోపలిది ఎండుది. కుప్ప పక్కన కట్టేసిన బర్రెను పలుపు కోసి విడిపించింది సవితే. ఆమె చేతులకు మసి ఉంది. మనుషులకు ఏమీ కాలేదు.

పటేల్ నన్ను చూడగానే అందుకున్నాడు. "కూలోళ్ల పొల్ల చేతికి ఇమానం ఇస్తరా? గిట్లనే అయితది. నాగలి వట్టెటోని బిడ్డ నాగలే వట్టాలె."

గంగారాం జనం వెనక నిలబడి ఉన్నాడు. సవిత నా వైపే చూస్తోంది. పొద్దున జరిగింది నేను చెబుతానని ఎదురుచూస్తోందని నాకు తెలుసు. వంగి కాలిన ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

మూడు నిజాలు

ఆ సాయంత్రం అహవాల్ రాశాను. మా వైపు రిపోర్టును అదే అంటారు. డ్రోన్ లోపల నమోదైన వివరాలు తీసి చూసి మూడు వాక్యాలు రాశాను. బ్యాటరీ తగ్గిందన్న హెచ్చరిక వచ్చింది. పైలట్ డ్రోన్‌ను దింపలేదు. డ్రోన్ పడిపోయింది. మూడూ నిజమే. హెచ్చరికకూ పడటానికీ మధ్య రెండు సెకన్లే ఉన్నాయనీ, ఆ రెండు సెకన్లలో ఎవరూ దింపలేరనీ రాయలేదు. పొద్దున నా వేలు ఏమి చేసిందో అసలే రాయలేదు. అబద్ధం ఒక్కటి కూడా లేకుండా అబద్ధం చెప్పడం ఎట్లాగో ఆ రోజు నేర్చుకున్నాను. మీకు ఆ విద్య అక్కర్లేదు.

సేఠ్ సవితను పని మానిపించాడు. సర్టిఫికెట్ ఇచ్చిన శిక్షణ కేంద్రానికి నా అహవాల్ పోతే, విచారణ తేలేదాకా ఎగరేయొద్దన్నారు. పిల్ల పత్తి ఏరడానికి పోయింది. ఆమె నాకు ఫోన్ చేయలేదు. చేసి తిట్టి ఉంటే బాగుండేది.

మూడు వారాలకు మాండవి నుంచి ఆ రెండు జోడీలు తిరిగి వచ్చాయి. అక్కడ కరెంటు సరిగ్గా లేక అవి సగం సగం ఛార్జింగ్‌తోనే గడిపాయి. పోళా పూజలో లేవు. వాటిని బల్ల మీద పెట్టి, పక్కనే పూజలో నిలబడ్డవాటిని పెట్టి, పైడబ్బాలు విప్పాను. మాండవివి పలకల్లా చదునుగా ఉన్నాయి. పూజవాటిలో మూడు జోడీలకు పొట్టలు ఉబ్బి ఉన్నాయి. ఒకే రోజు కొన్నవి, ఒకే రకం. తేడా ఒక్కటే, ఇవి నా చేత కడుపు నింపించుకుని వేడిలో పదకొండు రోజులు కూర్చున్నాయి. నాకు సిగ్గేసింది. ఉబ్బిన మూడు జోడీలనూ ఇసుక డబ్బాలోకి చేర్చాను.

సేఠ్‌కు చూపించాను. ఆయన చెడ్డవాడు కాడు, వ్యాపారి.

"అయ్యిందేదో అయిపోయింది ఉస్తాద్. పొల్లకు ఇంకేదన్న పని సూపిద్దాం. మల్ల గా కాగితం ఎందుకు కదిలియ్యాలె?"

"దాని మీద దస్తకత్ నాది సేఠ్," అన్నాను, నా సంతకాన్ని తలుచుకుని.

"దస్తకత్ నీది, దుకాన్ నాది. జర సోంచాయించు."

ఆలోచించమన్నాడు, సోంచాయించాను. అంటే ఏమీ చేయలేదు, పంతొమ్మిది రోజులు. తప్పు సేఠ్ మీద తోసేయొచ్చు కానీ ఆయన నన్ను కట్టేయలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా కాదు. షెడ్డులోకి అడుగుపెట్టగానే అందరూ ఉస్తాద్ అని లేచి నిలబడతారే, అది పోతుందని భయం. అరవై ఏళ్లు దాటినవాడికి ఆ పిలుపు అన్నం లాంటిది.

ఆ రోజుల్లో ఒకటి గమనించాను. నా దగ్గరికి ఒక్క ఫిర్యాదు కూడా రావడం లేదు. మొదట నా పని బాగుందనుకున్నాను. ఒక పొద్దున, ఉన్న పైలట్లలో పెద్దవాడు బ్యాటరీని డ్రోన్‌లోకి అరచేత్తో కొట్టి కొట్టి తోస్తున్నాడు. ఎందుకు నాకు చూపించలేదని అరిచాను. వాడు తల ఎత్తకుండానే అన్నాడు. "సవిత సూపిచ్చింది గద ఉస్తాద్. ఏమైంది?"

అంటే అందరికీ తెలుసు. ఆ రోజు పొద్దున బండి దగ్గర అందరూ ఉన్నారు కదా. తెలిసి కూడా ఉస్తాద్ అని లేచి నిలబడుతున్నారు. చెడిపోయిన బ్యాటరీని చెప్పకుండా ఎగరేయడం నేర్పింది నా అహవాలేనని అర్థమైంది. ఈసారి కూడా చొప్ప కుప్ప మాత్రమే కాలుతుందని ఎవరూ రాసివ్వలేరు. ఆ మధ్యాహ్నమే కొత్త అహవాల్ రాశాను. ఒక ప్రతి శిక్షణ కేంద్రానికి పంపి, ఒకటి సేఠ్ బల్ల మీద పెట్టి, మూడోది జేబులో పెట్టుకుని బిలోలి బస్సెక్కాను.

గట్టిగ చదువు

సవిత పత్తి చేనులో ఉంది, నడుముకు ఒడి కట్టుకుని. కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది. మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"గిది నాకెందుకు కాకా? నాకెర్కలేదా ఏంది? పటేల్ ముంగట చదువు. మా నాయన ఇనేటట్టు గట్టిగ చదువు."

ఆ సాయంత్రం గ్రామపంచాయతీ వసారాలో చదివాను. ముందు మరాఠీలో, తరవాత తెలుగులో. పొంగిందేమో చూడమని పైలట్ అడిగింది, నేను సరిగా చూడలేదు, పంపించాను, బ్యాటరీ పాడు కావడానికి కారణం నేను దాన్ని నింపి పెట్టిన పద్ధతి, తప్పు నాది, కింద నా పేరు. నలభై మంది దాకా ఉన్నారు.

పటేల్, "మరి నెలన్నర గీ పొల్లను ఎందుకు గూసుండవెట్టిండ్రు?" అని నన్నే కసిరాడు. అదీ నా తప్పేనన్నాను.

గంగారాం అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. "సార్, బిడ్డ అడిగిందన్నరు గద, గా ముచ్చట మల్లొక్కసారి చదువుండ్రి."

మళ్లీ చదివాను.

సవిత తిరిగి రావడానికి ఒక్క షరతు పెట్టింది. పైలట్ వద్దన్న బ్యాటరీ ఎగరొద్దు, ఎందుకని ఎవరూ అడగొద్దు. "నువ్వు గూడ, సేఠ్ గూడ." సేఠ్ గింజుకున్నాడు. ప్రతివాడూ వద్దంటూ పోతే దుకాన్ మూసుకోవాలన్నాడు. కందికి ఫవారణి నెత్తి మీద ఉంది, పైలట్లు తక్కువ, చివరికి సరేనన్నాడు. పోళాకు ఇప్పటికీ పూజ జరుగుతుంది, సగం నింపి పెడతారు. ముసలమ్మ ఇంకా నన్ను తిడుతూనే ఉంది.

సర్టిఫికెట్ మీద ఆంక్ష ఎత్తేశాక సవిత పనిలోకి వచ్చిన మొదటి పొద్దున, ఆరో జోడీని ఆమెకు అందించాను. అంతకుముందు సాయంత్రమే పైడబ్బా విప్పి చూశాను. చదునుగా ఉంది. ప్రతి సెల్లూ కొలిచాను, అన్నీ సమానం. సవిత దాన్ని తిప్పి చూసింది, ఒకసారి తట్టింది.

"గిది వద్దు కాకా."

మిగతా ముగ్గురు పైలట్లు సామాను ఎత్తడం ఆపి మమ్మల్నే చూస్తున్నారు. ఎందుకని అడగబోయి, ఆమె పెట్టిన షరతు గుర్తొచ్చి ఆగాను. ఆమె ఎదురుగానే మీటరు పెట్టి మళ్లీ కొలిచాను. ఒక్క లోపం లేదు. సవితకూ ఆ అంకెలు కనిపిస్తున్నాయి. అయినా చెయ్యి చాపలేదు, నా వైపే చూస్తూ నిలబడింది. నిక్షేపంలా ఉన్న ఆ జోడీని తీసుకుపోయి, చెడిపోయినవాటి కోసం పెట్టిన ఇసుక డబ్బాలో పెట్టి మూత వేశాను.